గోడ మీది గొట్టం

గఫూర్ సాబ్‌కు నిప్పు మాట వినబడుతుందని ఆదోనిలో అనుకునేవాళ్ళు. అందులో పొగడ్త లేదు, వెక్కిరింపూ లేదు. పత్తి ప్రెస్సులో బాయిలర్ ముందు ఇరవై రెండేళ్ళు నిలబడిన మనిషి గనుక అలా అనేవాళ్ళు, అంతే. బాయిలర్ నెత్తిన గడియారం లాంటి మీటరు ఒకటి ఉండేది గాని, దాని ముల్లు చూసే అలవాటు ఆయనకు లేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి మంట చప్పుడు వినేవాడు. ఆవిరి చాలిందో, ఇంకో పార బొగ్గు వెయ్యాలో చెప్పేవాడు. మేనేజరు వచ్చి మీటరు చూసి తలూపి పోయేవాడు.

ఆదోని నీళ్ళు ఉప్పునీళ్ళు. కాగి కాగి బాయిలర్ కడుపులో సున్నపు పెచ్చు కట్టేవి. పెచ్చు కట్టిన బాయిలర్ ఎంత బొగ్గు మింగినా సరిగా ఆవిరి ఇవ్వదు. అందుకని నెలకొకసారి దాన్ని చల్లార్చి కాస్టిక్ సోడా నీళ్ళు పట్టించేవాళ్ళు. ఒక పూట నానబెట్టి వదిలితే పెచ్చంతా బురదై కారిపోయేది. మర్నాడు బాయిలర్ కొత్త కోడలిలా చెప్పిన మాట వినేది. గఫూర్ సాబ్ జీవితంలో నేర్చుకున్న వైద్యం అదొక్కటే.

ఆయన భార్య అక్బర్‌బీ ఆ ఆవరణలోనే జిన్నింగు షెడ్డులో పని చేసేది. ఆడవాళ్ళు వరసగా నిలబడి గింజపత్తిని యంత్రాల నోట్లో పెడుతుంటే దూది నూగు గాల్లో మంచులా లేచేది. సాయంత్రం ఇళ్ళకు మళ్ళేటప్పుడు ఇరవై ఏళ్ళ పిల్లల కనురెప్పలు కూడా ముసలమ్మల కనురెప్పల్లా తెల్లగా ఉండేవి. బట్టల మీది నూగు దులిపితే పోతుంది. లోపలికి పోయినది పోదు. అక్బర్‌బీకి నలభై నిండకముందే దమ్ము పట్టుకుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. గోడకు బొంత మడిచి పెట్టుకుని, దానికి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. పత్తి పని మానెయ్యాలి, పొగ తగలకూడదు అని డాక్టరు చెప్పినప్పుడు ఆమె దగ్గుతూనే నవ్వింది.

“పొగ తగలని ఆడది యాడుంది సాబ్.”

డాక్టరు దగ్గర దానికి మాత్ర లేదు.

డెబ్బై నాలుగులో ప్రెస్సుకు కరెంటు మోటారు వచ్చింది. బాయిలర్‌ను చల్లార్చారు. మళ్ళీ వెలిగించలేదు. ఇరవై రెండేళ్ళ నిప్పుకు గఫూర్ సాబ్ చేతిలో పద్దెనిమిది వందల రూపాయలు పెట్టి, వేలిముద్ర తీసుకున్నారు. యజమాని మంచివాడని అందరూ చెప్పుకున్నారు, ఎందుకంటే అతను అది కూడా ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. ఒక్కగానొక్క కూతురు హసీనాకు అప్పటికే పత్తికొండలో పెళ్ళయింది. ఆదోనిలో బాడిగ కట్టుకుంటూ ఉండడం ఎందుకని, మొగుడూ పెళ్ళాలు ఎమ్మిగనూరు చేరారు. అక్కడ అక్బర్‌బీ తల్లి విడిచిపోయిన ఒంటిగది ఇల్లు, వెనక కాస్త పెరడు ఉన్నాయి.

ఎమ్మిగనూరులో నేతగాళ్ళ నూలుకు రంగులద్దే చోట గంగాళాల కింద మంట వేసే పని దొరికింది. బాయిలర్ నడిపిన మనిషి గంగాళాల కింద కంప ఎగదోస్తూ కూర్చున్నాడు. ఇంటికి వస్తే అక్బర్‌బీ పొయ్యి ముందు పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని ఊదుతూ ఉండేది. ఒక్కోసారి ఊదలేక గొట్టం కింద పెట్టి, మోకాళ్ళ మీద తల ఆనించి, ఊపిరి తిరిగి వచ్చేదాకా అలాగే ఉండిపోయేది.

అలాంటి రోజుల్లో, డెబ్బై ఆరులో, సంతలో ఒక ఆఫీసరు బల్ల మీద చిన్న నమూనా పెట్టుకుని గోబర్ గ్యాసు గురించి చెప్పాడు. గుంతలో పేడ నీళ్ళు, దాని మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము, డ్రమ్ము నెత్తిన వాల్వు, వాల్వు నుంచి పొయ్యికి గొట్టం. జనం చూసి నవ్వుకుని ఎద్దుల బేరాలకు పోయారు. గఫూర్ సాబ్ ఒక్కడే మూడు గంటలు అక్కడే నిలబడ్డాడు. డ్రమ్ము బరువెంత, గ్యాసు ఎంత బలంగా తోస్తుంది అని ఆయన అడిగిన ప్రశ్నలకు ఆఫీసరు కాగితాలు తిరగేయాల్సి వచ్చింది. చివరికి అడిగిన మాట మాత్రం వేరు.

“పొగ వస్తాదా సార్?”

రాదన్నాడు ఆఫీసరు.

సగం ఖర్చు సర్కారుది, సగం తనది. ప్రెస్సువాళ్ళు ఇచ్చిన దాంట్లో మిగిలినదంతా గుంతలోకే పోయింది. డ్రమ్మును ఆదోనిలో వెల్డింగు చేయించి లారీ మీద తెచ్చారు. పేడ కలిపి పోసి నలభై రోజులు కాచుకున్నారు. మొదటిసారి పొయ్యి అంటుకున్న పొద్దున అక్బర్‌బీ భయపడి గడప దాకా పోయి నిలబడింది. నీలం మంట. ఊదనక్కరలేదు, ఎగదోయనక్కరలేదు. నెల తిరిగేసరికి ఆమె గోడకు పెట్టుకున్న బొంత తీసి మంచం మీద పరిచింది. ఒక రాత్రి గఫూర్ సాబ్‌కు మెలకువ వచ్చి చూస్తే, భార్య కాళ్ళు చాపుకుని వెల్లకిలా నిద్రపోతోంది. ఎన్నో ఏళ్ళ తరువాత ఆమె ఒళ్ళు అలా నిడివిగా కనబడింది. ఆయన లేచి కూర్చుని తెల్లారేదాకా ఆ ఊపిరి చప్పుడు విన్నాడు.

అయితే ఆ గుంతకు రోజూ నాలుగైదు గంపల పేడ కావాలి. గఫూర్ సాబ్‌కున్నది ఒకటే ఎనుము. గోడకు అవతల కాశప్ప హోటలుంది. ముందు భాగం ఆదోని రోడ్డు మీద, వెనక భాగం గఫూర్ సాబ్ పెరటి గోడకు. పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జి, రోజంతా టీ. పాల కోసం కాశప్ప ఐదు ఎనుముల్ని కట్టేశాడు. ఇద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి, కాగితం లేకుండా మాట చేసుకున్నారు. ఐదు ఎనుముల పేడ రోజూ గోడ మీదుగా ఇవతలికి రావాలి. పొద్దున ఐదు గంటలు, సాయంత్రం మూడు గంటలు గ్యాసు గోడ మీదుగా అవతలికి పోవాలి. పైగా నెలకు ముప్పై రూపాయలు గఫూర్ సాబ్‌కు. గుంతలోంచి బయటికి వచ్చే మడ్డిని ఎరువుగా ఉల్లిగడ్డ రైతులకు అమ్ముకునే హక్కు కూడా ఆయనదే.

మొదట్లో హోటలుకు వచ్చేవాళ్ళు ముక్కు మూసుకున్నారు. పేడ మంట మీద చేసిన ఉగ్గాణి తింటామా అన్నారు. కాశప్ప నోరు ఊరుకునే నోరు కాదు.

“మీ యమ్మ పిడకల మీద వండితే ముద్దలు ముద్దలు మింగితివి కదప్పా. అది ప్యాడ కాదా, గంధం చెక్కా?”

నాలుగేళ్ళు గోడ మీది గొట్టం అలాగే నడిచింది. తెల్లవారు జామున గఫూర్ సాబ్ వాల్వు తిప్పేవాడు. అవతల కాశప్ప అగ్గిపుల్ల గీసేవాడు. రెండు చప్పుళ్ళకూ మధ్య ఒక్క మాట అవసరం ఉండేది కాదు.

డెబ్బై తొమ్మిది చివర్లో కిరసనాయిలు కరువు వచ్చింది. డబ్బాలు వరసలో పెట్టి, వాటి మీద రాళ్ళు పెట్టి, జనం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాచుకునేవాళ్ళు. కట్టెల ధర కూడా దానితో పాటే లేచింది. రోడ్డు మీది తక్కిన హోటళ్ళు టీ ధర పెంచాయి. కాశప్ప కూడా పెంచాడు. అతని పొయ్యికి కిరసనాయిలూ అక్కరలేదు, కట్టెలూ అక్కరలేదు. గఫూర్ సాబ్ దీన్ని గమనించాడు. చలికాలంలో అక్బర్‌బీకి సూదిమందు వేయించాల్సి వచ్చేది, దాని ధరా పెరిగింది. చలి వెళ్ళాక ఒకరోజు హోటలు ముందు బెంచీ మీద కూర్చుని, టీ తాగి గ్లాసు కింద పెట్టి, నెలకు అరవై ఇమ్మని అడిగాడు.

అడగడం తప్పు కాదు. అడిగిన చోటు తప్పు. గోడ దగ్గర అడిగి ఉంటే అది ఇద్దరి మాటగా ఉండేది. బెంచీల మీద పది మంది ఉన్నారు. పది మంది ముందు ధర అడిగితే అది బేరం కాదు, పందెం.

కాశప్ప నవ్వుతూనే అన్నాడు. “అన్నా, ప్యాడ నాది. నీళ్ళు కొళాయివి. నీదేముందంటే ఇనప డబ్బా. డబ్బాకు అరవై రూపాయల బాడిగ యాడన్నా ఉందా?”

“డబ్బా లేకుంటే నీ ప్యాడ ప్యాడే కాశప్పా. ఈగలు ముసురుతాయి గాని టీ కాగదు.”

బెంచీల మీదివాళ్ళు నవ్వారు. కాశప్ప ముఖంలో నవ్వు ఆగిపోయింది. మడ్డి అమ్ముకుంటున్న లెక్క కూడా తీస్తే నువ్వే నాకు ఇవ్వాలి అన్నాడు. గఫూర్ సాబ్ లేచి వచ్చేశాడు. టీ డబ్బులు బెంచీ మీద పెట్టి వచ్చాడు. నాలుగేళ్ళలో ఆయన ఆ హోటల్లో టీకి డబ్బులు పెట్టడం అదే మొదలు.

ఇంకా రెండు మూడు వారాలు గ్యాసు పోతూనే ఉంది, పేడ వస్తూనే ఉంది, మాటలే లేవు. మనుషులు మామూలుగా ఇలాంటి చోట ఆగుతారు. ఎవడో ఒకడు విసుగెత్తి, నలభై అనుకుందాంలే అంటాడు. కానీ మసీదు పక్కన మున్వర్ సైకిలు షాపు ఉంది. హైదరాబాదు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే ఉర్దూ పత్రికను అతను సాయంత్రం నమాజు తరువాత పైకి చదివేవాడు. చదువు రానివాళ్ళు చుట్టూ కూర్చునేవాళ్ళు. ఆ ఏడాదంతా ఇరాన్ కబుర్లే. షాను తరిమేశారనీ, అమెరికావాళ్ళను బందీ చేశారనీ విని, జన్మలో గుంతకల్లు దాటని మనుషులు గడ్డాలు నిమురుకునేవాళ్ళు.

ఎనభైలో ఎండలు ముదిరే రోజుల్లో మున్వర్ ఒక వార్త చదివాడు. ఇరాన్ తన పొరుగున ఉన్న రష్యాకు గొట్టం వేసి గ్యాసు అమ్ముతోందట. పాత ధర షా నాటిది. కొత్త సర్కారు ఐదింతలు అడిగిందట. రష్యా కుదరదన్నదట. ఇరాన్ గొట్టం మూసేసిందట.

గఫూర్ సాబ్ ఒంగి కూర్చున్నవాడు నిటారుగా అయ్యాడు. మళ్ళీ చదవమన్నాడు. మున్వర్ మళ్ళీ చదివాడు.

“మూసినంక ఏమైంది?”

“ఏమైతాది చాచా. అంత పెద్ద రష్యా, పొయ్యి వెలగక వణుకుతాంది. కాళ్ళబేరానికి రాక యాడికి పోతారు?” అన్నాడు మున్వర్. తరువాత కన్ను గీటి అన్నాడు. “నువ్వూ ఇరానే కదా. నీ రష్యా గోడవతలే ఉండాడు.”

పత్రికలో ఎన్ని ముక్కలు రాసి ఉన్నాయో, మున్వర్ ఎన్ని కలిపాడో గఫూర్ సాబ్‌కు తెలిసే దారి లేదు. చదువు రానివాడికి పత్రికా, చదివేవాడి నోరూ ఒకటే. ఇరాన్ గ్యాసు భూమిలో ఉంటుంది. గొట్టం మూస్తే అది అక్కడే, ఇంకో లక్ష ఏళ్ళు అలాగే పడి ఉంటుంది. దేశాలకు కాచుకునే తాహతు ఉంటుంది. పేడ గ్యాసుకు ఆ తాహతు లేదు. డ్రమ్ము నిండితే అంచుల్లోంచి బుడగలై గాలిలో కలుస్తుంది. ఈ తేడా ఎవడూ ఆయనకు చెప్పలేదు. చెప్పినా ఆ సాయంత్రం ఆయన వినేవాడు కాదు. ఇంత బతుకులో ఎవడి మీదనైనా తన చెయ్యి పైన ఉండడం ఆయనకు అదే మొదటిసారి.

మర్నాడు శుక్రవారం. తెల్లవారు జామున వాల్వు తిప్పలేదు. గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవతల కాశప్ప ఒక అగ్గిపుల్ల గీశాడు. ఇంకొకటి గీశాడు. మూడోది. గఫూర్ సాబ్ తన పేరు పిలుస్తారని కాచుకున్నాడు. గోడ అవతల నుంచి పిలుపు రాలేదు. తెల్లారాక పేడ గంపలూ రాలేదు.

కాశప్ప వణకలేదు. రెండు రోజులు అరువు కట్టెలతో గడిపాడు. మూడోరోజు ఆదోని నూనె మిల్లుల నుంచి బండెడు బుడ్డల పొట్టు, వేరుశనగ తొక్కలు, దింపించాడు. ఇనుప పీపాను నిలువుగా కోయించి పొట్టు పొయ్యి చేయించాడు. దాన్ని హోటలు వెనక షెడ్డులో, గ్యాసు పొయ్యి ఉన్న చోటే, పెరటి గోడకు ఆనించి పెట్టించాడు. పొయ్యి ముందు భాగం మీద ఒక రేకు వంచి కప్పాడు. ఆ రేకు పొగనంతా పోగు చేసి తిన్నగా గోడ ఇవతలికి వదిలేది.

మొదటి నాలుగు రోజులు గఫూర్ సాబ్ ఇంట్లో గ్యాసు పొంగి పొర్లింది. డ్రమ్ము గుంత అంచుకు అడుగు పైన లేచి నిలబడింది. అక్బర్‌బీ నీళ్ళు కాచింది, పప్పు మెత్తగా ఉడికించింది, ఎవరికీ అక్కరలేని టీ పెట్టింది. తరువాత పెరట్లోకి పొట్టు పొగ రావడం మొదలైంది. ఆమె వెనక తలుపు మూసింది. సందుల్లో గుడ్డలు కుక్కింది. ఐదో రాత్రి లేచి బొంత మడిచి గోడకు పెట్టుకుంది. గఫూర్ సాబ్ చూశాడు. ఇంకో రెండు రోజులు, వాడే వస్తాడు అనుకున్నాడు.

తన ఎనుము పేడ ఒక్కటే గుంతకు చాలలేదు. ఎద్దుల సంత జరిగే మైదానానికి గంప పట్టుకుని పోయి, ఎండిన పేడ ఏరుకొచ్చాడు. అందులో సగం మట్టి, సగం గడ్డి. నీళ్ళలో కలిపి పోస్తే పైన చాపలా తెట్టె కట్టింది. పొయ్యిలో నీలం మంట పసుపుపచ్చగా మారింది, వంకరలు తిరిగింది, వేలంత అయింది. గఫూర్ సాబ్ గుంత అంచున గొంతుక్కూర్చుని చూశాడు. ఎంత మేత వేసినా పని చెయ్యడం లేదు. ఇది ఆయనకు తెలిసిన జబ్బే. ఇరవై రెండేళ్ళు చూసిన జబ్బు. పెచ్చు కట్టింది.

సబ్బులు వండేవాళ్ళ దగ్గర నాలుగు సేర్ల కాస్టిక్ సోడా తెచ్చాడు. మధ్యాహ్నం అక్బర్‌బీ కునుకు తీస్తున్నప్పుడు బకెట్లో కరిగించి, చెయ్యి కాలకుండా కర్రతో కలిపి, గుంతలో పోశాడు. బాయిలర్‌కు పోసినట్టే కొలత ప్రకారం పోశాడు. ఒక పూట నానాలి. తెల్లారితే కొత్త కోడలే.

తెల్లారింది. వాల్వు తిప్పాడు. గొట్టంలో మిగిలినది ఒక్కసారి తుస్సుమంది, అంతే. అగ్గిపుల్ల గీశాడు. ఇంకొకటి గీశాడు. పెట్టె అయిపోయేదాకా గీశాడు. అప్పుడు పోయి గుంత పక్కన కూర్చుని చెవి పెట్టాడు. రోజూ లోపల ఏదో సన్నగా కుతకుతలాడే చప్పుడు ఉండేది. నాలుగేళ్ళుగా వింటున్నా, అది చప్పుడని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు లేదు గనుక తెలిసింది. బాయిలర్ ఉత్త ఇనుము. దానికి ప్రాణం లేదు, అందుకే దానికి ఏం పోసినా చావదు. ఈ గుంతలో ఏవో బతికి ఉన్నాయి. అవి తిని, అరిగించుకుని, ఊపిరి వదిలితే తన ఇంట్లో మంట వచ్చేది. ఆ ప్రాణాలన్నిటినీ తానే, కొలత ప్రకారం, చంపేశాడు.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్యకూ చెప్పలేదు. పేడ చాలక మంట రావడం లేదన్నాడు. రోజూ రంగుల పనికి పోయేముందు పెరట్లో మూడు రాళ్ళు పెట్టి తానే రొట్టె కాల్చేవాడు, భార్యను ముందు వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టేవాడు. ఎండాకాలం కాబట్టి అలా గడిచింది. హసీనా దగ్గరికి పంపుదామా అని ఆలోచించాడు. ఆ ఇంట్లోనూ కట్టెల పొయ్యే, పైగా తొమ్మిది మంది మనుషులు. అక్బర్‌బీ రానంది.

జూన్‌లో వానలు పడ్డాయి. మంచం లోపలికి వచ్చింది, పొయ్యీ లోపలికి వచ్చింది. తడిసిన సర్కారు తుమ్మ కంప మండదు, ఏడుస్తుంది. ఒంటిగది ఇల్లు నిండా పొగ. గోడ అవతలి పొట్టు పొగ కూడా వానకు పైకి లేవలేక పెరట్లోనే పరుచుకునేది. అక్బర్‌బీ మాట్లాడడం తగ్గించింది. ఒక మాటకు రెండు ఊపిర్లు కావాల్సి వచ్చేది.

“హసీనా అబ్బా,” అని మొగుణ్ణి పిలిచింది ఒకరోజు. కాసేపు ఆగింది. “పోయి అడుగు. ముప్పైకే ఇస్తామని సెప్పు.” మళ్ళీ ఆగింది. “వాడు మంచోడే.”

“రెండు దినాలు చూద్దాం,” అన్నాడు గఫూర్ సాబ్.

ఆమె అది పంతం అనుకుంది. పంతం ఎప్పుడో పోయింది. ఇవ్వడానికి ఏమీ లేదన్న మాట నోటికి రాక అలా అన్నాడు. ఐదు రోజుల తరువాత, ఆమె పెదవులు నీలిరంగుకు తిరగడం చూసి, తలుపు తీసుకుని హోటలుకు పోయాడు.

అక్కడ జరిగినది ఆయన ఊహించినది కాదు. కాశప్ప లేచి నిలబడి బెంచీ తుడిచాడు. పొట్టు పొయ్యి వేడికి వంటవాడు పని మానేశాడట, టీ పొగ వాసన వస్తోందని గిరాకీలు తగ్గారట.

“నేను పిలుస్తానని నువ్వు, నువ్వు పిలుస్తావని నేను. ఇట్లనే కూసుంటిమి గదన్నా ఇన్ని దినాలు,” అన్నాడు. “నలభై ఐదు ఇస్తా. సరేనా?”

గఫూర్ సాబ్ తలూపాడు. రెండు నెలల పోరు ఒక టీ చల్లారేలోగా తీరిపోయింది. కాశప్ప ఆ టీకి డబ్బులు తీసుకోలేదు.

మర్నాటి నుంచి ఐదు ఎనుముల పేడ గోడ మీదుగా వచ్చింది. గఫూర్ సాబ్ దాన్ని కలిపి గుంతలో పోశాడు. చచ్చిన గుంత మింగింది, పలకలేదు. కొత్త పేడ పోస్తే లోపల మళ్ళీ ఏదైనా పుడుతుందేమో అనుకున్నాడు, పుట్టలేదు. పొట్టు పొయ్యి ఆర్పి కట్టెలతో నెట్టుకొస్తున్న కాశప్ప రోజూ గోడ మీదుగా అడిగేవాడు. పట్టుకుంటాది, వానలకు ఆలస్యం అనేవాడు గఫూర్ సాబ్. పదోరోజుకు కాశప్ప గొంతు మారింది. గ్యాసు దాచుకుని ఇంకా ధర పెంచాలని చూస్తున్నావా అన్నాడు. నీ ఇంటి పొయ్యి మాత్రం వెలుగుతూ ఉంటుందిలే అన్నాడు. పదకొండో రోజు పేడ రాలేదు. పొట్టు పొయ్యి మళ్ళీ రాజుకుంది.

ఇక మిగిలింది ఒకటే దారి. గుంతనంతా తోడి పారబోసి, కడిగి, మళ్ళీ మొదటి నుంచి నింపాలి. నలభై రోజులు కాచుకోవాలి. అక్బర్‌బీకి నలభై రోజులు ఉన్నాయో లేదో చూసుకునే ధైర్యం ఆయనకు లేదు. తాళ్ళు కట్టి, ఎదురింటి యేసేపు సాయంతో డ్రమ్మును పక్కకు దొర్లించి, గుంతలో దిగాడు. ఆ కంపుకు కూలికి కూడా ఎవరూ దిగరు. ఒక్కడే బకెట్ నింపి, నిచ్చెనెక్కి, పారబోసి, మళ్ళీ దిగాడు. సోడా నీళ్ళకు కాళ్ళ మీద తోలు లేచింది. మూడోరోజు పొద్దుటి నుంచి సన్నగా వాన. నడుము లోతు మడ్డిలో వణుకుతూ తోడుతున్నాడు.

లోపల అక్బర్‌బీకి బకెట్ చప్పుడు వినబడుతోంది. మొగుడు పొద్దుటి నుంచి ఏమీ తాగలేదు. ఆమె మంచం దిగింది. తడి కంప పొయ్యిలో పెట్టి, గిన్నెలో నీళ్ళు పోసి, గొట్టంతో ఊదింది.

గఫూర్ సాబ్ నిచ్చెన పైకి వచ్చేసరికి వెనక తలుపు సందుల్లోంచి పొగ వస్తోంది. ఒంటి మీది మడ్డి కడుక్కోకుండానే పరుగెత్తాడు. అక్బర్‌బీ పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊదుగొట్టం ఒళ్ళో ఉంది. గిన్నెలో నీళ్ళు ఇంకా మరగలేదు.

ఖననం ఆ సాయంత్రమే అయింది. హసీనా పత్తికొండ నుంచి వచ్చేసరికి మట్టి కప్పేశారు. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే అన్నం తెస్తారు. ఆ మూడు రోజులూ కాశప్ప రెండు పూటలా పంపాడు. మూడోరోజు సాయంత్రం హసీనా చుట్టాలతో లోపల ఉండగా, తానే గిన్నె పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. గఫూర్ సాబ్ సగం తోడిన గుంత పక్కన కూర్చుని ఉన్నాడు. కాశప్ప గిన్నె కింద పెట్టి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

అప్పుడు గఫూర్ సాబ్ చెప్పాడు. సోడా తెచ్చిన సంగతి, పోసిన సంగతి, దాచిన సంగతి, నలభై ఐదుకు ఒప్పుకుని తలూపినప్పుడు కూడా గుంతలో ఏమీ లేదన్న సంగతి. చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు. ఇంకొకరి సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

కాశప్ప గుంతలోకి చూశాడు.

“పొయ్యి ఈదిపక్కకు పెడదామని వంటోడు మొదటి దినమే అన్న్యాడు,” అన్నాడు. “నేనే గోడకు పెట్టమంటి. వదిన దగ్గేది నాకు వినబడతాండె అన్నా. దగ్గు వినలేక నువ్వే వస్తావనుకుంటి.”

గఫూర్ సాబ్ తలెత్తలేదు. తిట్టలేదు. తిట్టాలంటే తన చేతులు శుభ్రంగా ఉండాలి. కాశప్ప గిన్నెను ఆయన దగ్గరికి జరిపి లేచి పోయాడు.

మర్నాడు పొద్దున గోడ అవతల చప్పుడైంది. ఇటుకలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రేకు ఊడదీస్తున్నారు. పొట్టు పొయ్యి పీపాను నేల మీద ఈడ్చుకుంటూ వీధి వైపుకు తీసుకుపోతున్నారు. ఇద్దరు మనుషులకు అరగంట పని. గఫూర్ సాబ్ ఇవతల కూర్చుని, అది అయిపోయేదాకా విన్నాడు.